షుగర్ ఉన్నవారికి కాలి పుండు ఎందుకు త్వరగా మానదు? నొప్పి లేదని వదిలేస్తే ఏమవుతుంది?

ఎర్రమంచి పేరు చెబితే ఇప్పుడు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి ఇక్కడ కార్లు తయారవుతున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి ఎంతోమంది షిఫ్టులకు వచ్చి పోతుంటారు. ఫ్యాక్టరీ గోడ దాటితే మళ్ళీ మన పాత లోకమే. శెనక్కాయ చేలు, మేకల మందలు, ధర్మవరంలో మగ్గాలు, హిందూపురంలో బెల్లం, చింతపండు మండీలు. పని ఏదైనా సరే, రోజంతా కాళ్ళ మీద నిలబడి చేసేదే ఎక్కువ. కాలు బాగుంటేనే కూలి, కూలి ఉంటేనే ఇల్లు.

అందుకే షుగర్ గురించి మాట్లాడేటప్పుడు కాళ్ళ గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది షుగర్ వచ్చే అంచున ఉన్నారని ఆ లెక్క. షుగర్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలికి పుండు పడే అవకాశం ఉందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చిన వారిలో నూటికి 80 మందికి పైగా మొదట ఒక చిన్న పుండుతోనే మొదలైనవారు.

అంటే ఆ చిన్న పుండు దగ్గరే ఆపగలిగితే చాలావరకు కాలు దక్కుతుంది. మరి ఎందుకు ఆపలేకపోతున్నాం? దానికి పెద్ద కారణం ఒకటుంది. ఆ పుండు నొప్పి పుట్టదు.

షుగర్ ఒంట్లో ఏం చేస్తుంది?

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాలు లోపల నుంచి పాడవుతాయి. సన్నని నాళాలు దెబ్బతింటే కంటి వెనక రెటీనా, కిడ్నీలు, నరాలు దెబ్బతింటాయి. పెద్ద నాళాలు పూడుకుపోతే గుండెపోటు, పక్షవాతం వస్తాయి, కాళ్ళకు రక్తం అందదు. వీటిలో చాలావరకు మొదట్లో ఏ బాధా ఉండదు. కన్ను మసకబారే దాకా, కాళ్ళు వాచే దాకా మనిషి బాగానే తిరుగుతుంటాడు. "నాకేమీ లేదు, షుగర్ ఒకటే కదా" అనుకుంటూ ఉంటాడు.

ఈ దెబ్బ ఒక్క రోజులో పడేది కాదు, ఆపలేనిదీ కాదు. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద పరిశోధన ఇరవై ఏళ్ళపాటు వేలమంది షుగర్ రోగులను గమనించింది. మూడు నెలల సగటు చక్కెరను చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఒక్క శాతం తగ్గినా, కళ్ళు, కిడ్నీల వంటి సన్నని నాళాల సమస్యలు 37 శాతం తక్కువగా కనిపించాయి. కాలి రక్తనాళాల జబ్బుతో కాలు తీసేయడం, లేదా ప్రాణం పోవడం 43 శాతం తక్కువ. అంటే 10 ఉన్నవారు 9కి తెచ్చుకున్నా లాభమే. 7కు రాలేదని నిరాశపడి మందులు మానేయాల్సిన పని లేదు.

కాలికి మూడు వైపుల నుంచి దెబ్బ

మొదటిది నరాలు. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం దీని లక్షణాలు. కొన్నాళ్ళకు మంటలు తగ్గిపోతాయి. "మందు పనిచేసింది, మంట పోయింది" అని సంతోషిస్తారు. కానీ చాలాసార్లు తగ్గింది జబ్బు కాదు, పాదానికి స్పర్శే పోయింది. అప్పటి నుంచి ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఇరుక్కున్నా, ఎండకు కాలిన బండ మీద నడిచినా తెలియదు. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక అలాగే నడిచి వెళ్ళేవారు ఉంటారు. రాత్రి నిద్రలో ఎలుక కాలి వేలు కొరికినా తెలియని సంగతులు మన దేశంలో డాక్టర్లు చూస్తూనే ఉన్నారు.

నరాలు దెబ్బతింటే పాదానికి చెమట కూడా సరిగా పట్టదు. చర్మం ఎండిపోయి మడమలు పగులుతాయి. ఆ పగుళ్ళే క్రిములకు దారి. పాదంలో చిన్న కండరాలు బలహీనపడి వేళ్ళు వంకరపోతాయి. నడిచేటప్పుడు బరువంతా ఒకే చోట పడి అక్కడ ఆనె కాస్తుంది. ఆనె కిందే పుండు పెరుగుతుంది. పైకి కనిపించేది గట్టి చర్మం, లోపల ఉండేది చీము.

రెండోది రక్తప్రసరణ. కాలికి వెళ్ళే నాళాలు పూడుకుపోతే పుండు మానడానికి కావలసిన ఆక్సిజన్, ఆహారం, మందు ఏదీ అక్కడికి చేరదు. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం దీని గుర్తు. అయితే స్పర్శ పోయినవారికి ఈ నొప్పి కూడా తెలియకపోవచ్చు. బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ పూడిక ఇంకా తొందరగా వస్తుంది.

మూడోది ఇన్ఫెక్షన్. చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు. మామూలు మనిషికి నాలుగు రోజుల్లో ఎండిపోయే గాయం, షుగర్ మనిషికి నాలుగు రోజుల్లో ఎముక దాకా పోగలదు.

మామూలుగా ఒక గాయం మానాలంటే వరసగా కొన్ని పనులు జరగాలి. రక్తం కారడం ఆగాలి, ఒళ్ళు ఆ చోటును శుభ్రం చేసుకోవాలి, కొత్త కండ నిండాలి, పైన చర్మం కప్పుకోవాలి. షుగర్ పుండు ఆ రెండో మెట్టు దగ్గరే ఇరుక్కుపోతుంది. వారాలు గడిచినా రసి కారుతూనే ఉంటుంది. మనం పైన ఎన్ని ఆయింట్‌మెంట్లు రాసినా లోపలి పరిస్థితి మారకపోతే అది ముందుకు కదలదు.

వెల్లూరులో నేర్చుకున్న పాఠం

మన రాయలసీమ నుంచి ఎంతోమంది వైద్యానికి వెళ్ళే వెల్లూరు సీఎంసీకీ ఈ సంగతికీ సంబంధం ఉంది. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో అక్కడికి వచ్చారు. ఆయన పుట్టింది కూడా తమిళనాడులోని కొల్లి కొండల్లోనే. ఆ రోజుల్లో కుష్టు రోగుల వేళ్ళు జబ్బు వల్లే కుళ్ళి రాలిపోతాయని అందరూ నమ్మేవారు. బ్రాండ్ దగ్గరుండి గమనిస్తే వేరే సంగతి బయటపడింది. కుష్టు నరాలను చంపుతోంది. నొప్పి తెలియక రోగులు తమకు తెలియకుండానే చేతులు కాల్చుకుంటున్నారు, పుండు ఉన్న కాలితోనే నడుస్తున్నారు. రాత్రిళ్ళు ఎలుకలు కొరికినా లేవడం లేదు. అందుకని ఇంటికి వెళ్ళే రోగులు వెంట ఒక పిల్లిని తీసుకెళ్ళాలని అక్కడ నియమం పెట్టారట.

అరికాలి పుండుకు ఆయన చేసిన వైద్యంలో ముఖ్యమైనది పట్టీ కట్టు. కాలికి పిండికట్టు వేసి, నడిచినా పుండు మీద బరువు పడకుండా చేశారు. ఏళ్ళ తరబడి మానని పుండ్లు మానాయి. తిరిగి పుండు పడకుండా మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు తయారు చేయించారు. ఇప్పుడు షుగర్ రోగులకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు అవే. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళాక, స్పర్శ పోయిన షుగర్ పాదానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని చూపించారు. నేడు ప్రపంచమంతా షుగర్ పుండుకు చేసే వైద్యంలో మొదటి మాట ఇదే. పుండు మీద బరువు పడనివ్వకండి.

కాలికి గాయమైన రోజు ఏం చేయాలి?

గాయం చిన్నదైనా సరే, పారే మంచినీళ్ళతో కడగండి. శుభ్రమైన గుడ్డతో అద్ది, మందుల షాపులో దొరికే గాజు గుడ్డ కప్పి వదులుగా కట్టు కట్టండి. షుగర్ చెక్ చేసుకోండి. ఆ కాలి మీద నడక తగ్గించండి. ఆ రోజు, కాకపోతే మరుసటి రోజు డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. "నాలుగు రోజులు చూద్దాం లే" అన్న మాట మాత్రం వద్దు.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. పసుపు, కాఫీ పొడి, సున్నం, బూడిద, నశ్యం, టూత్‌పేస్ట్, కిరోసిన్, ఆకు పసర్లు ఏవీ పుండులో పెట్టవద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, డెట్టాల్ నేరుగా పుండులో పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కండ కూడా చస్తుంది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టవద్దు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో మీ కాలికి తెలియదు. బొబ్బలు వచ్చాకే తెలుస్తుంది. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు. మందుల షాపులో అమ్మే ఆనె పట్టీల్లో యాసిడ్ ఉంటుంది, అది మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. షుగర్ ఉన్నవారు వాటి జోలికి పోకూడదు.

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి:

– పుండు చుట్టూ ఎరుపు, వాపు, వేడి పెరుగుతూ పోవడం
– చీము, చెడు వాసన
– వేలు నల్లబడటం, నీలంగా లేదా చల్లగా మారడం
– చలి జ్వరం, ఒళ్ళు తూలడం
– కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా పెరిగిపోవడం
– దెబ్బ తగలకుండానే ఒక పాదం వేడెక్కి వాచిపోవడం

జ్వరం రాలేదని ధైర్యపడకండి. షుగర్ రోగికి లోపల చీము నిండా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఇక చివర చెప్పిన వాపు గురించి ఒక్క మాట. పుండు లేకుండా, పెద్దగా నొప్పి లేకుండా పాదం వేడిగా వాచితే లోపల ఎముకలు విరిగి కుంగుతూ ఉండవచ్చు. దీన్ని షార్కో పాదం అంటారు. బెణికిందని తైలం రుద్దించుకుని నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు? ఎందుకు చేస్తారు?

మనవాళ్ళలో చాలామంది "ఏ ఆయింట్‌మెంట్ రాయాలి?" అని అడుగుతారు. నిజానికి పుండు వైద్యంలో ఆయింట్‌మెంట్, డ్రెస్సింగ్ వరసలో చివర వస్తాయి. వాటికి ముందు జరగాల్సినవి ఇవి.

బరువు తీసేయడం: అరికాలి పుండుకు మోకాలి కింది దాకా వేసే ప్రత్యేకమైన పిండికట్టు, లేదా తీయడానికి వీల్లేని బూటు అన్నిటికన్నా మేలని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. తీసేయగలిగే బూటు ఇస్తే ఇంట్లో తీసి పక్కన పెట్టి "బాత్రూం దాకే కదా" అని నడుస్తారు. ఆ నాలుగు అడుగులు కూడా పుండును మళ్ళీ నలిపేస్తాయి. అయితే కాలికి రక్తం సరిగా అందనప్పుడు, ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఈ కట్టు పనికిరాదు, అది డాక్టరు చూసి తేలుస్తారు.

చచ్చిన కండ తీసేయడం: "కోస్తారు" అనగానే చాలామంది భయపడి ఆసుపత్రి మానేసి నాటు వైద్యానికి పోతారు. పుండులో చచ్చిపోయిన కండ, చుట్టూ గట్టిపడిన చర్మం తీసేయడం వేరు, కాలు తీసేయడం వేరు. మొదటిది చేయించుకుంటే రెండోది తప్పుతుంది. చచ్చిన కండ ఉన్నంతకాలం అది క్రిములకు మేత.

రక్తప్రసరణ చూడటం: డాక్టరు పాదం మీద, చీలమండ వెనక నాడి పట్టి చూస్తారు. అందకపోతే డాప్లర్ పరీక్ష చేయిస్తారు. నాళం పూడి ఉంటే గుండెకు చేసినట్టే కాలి నాళానికీ బెలూన్, స్టెంట్ వేయవచ్చు, లేదా బైపాస్ చేయవచ్చు. రక్తం దారి తెరవకుండా నెలల తరబడి డ్రెస్సింగులు చేయడం వల్ల ఉపయోగం లేదు. కాలు తీసేయాలని ఎవరైనా చెబితే, "రక్తనాళాల పరీక్ష చేశారా? నాళం తెరిచే వీలుందా?" అని తప్పక అడగండి.

ఇన్ఫెక్షన్‌కు మందు: ఇన్ఫెక్షన్ ఉన్న పుండుకే యాంటీబయాటిక్స్ కావాలి, ప్రతి పుండుకూ కాదు. లోపలి కండ ముక్క తీసి కల్చర్ పరీక్షకు పంపితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. పై కండ వరకే ఇన్ఫెక్షన్ ఉంటే ఒకటి, రెండు వారాలు చాలు. ఎముకకు పాకితే ఆరు వారాల దాకా పట్టవచ్చు. షాపులో అడిగి మూడు రోజులకు బిళ్ళలు తెచ్చుకుని మింగితే క్రిములు మొండివవుతాయి, ఆ తర్వాత అసలు మందు కూడా పనిచేయదు.

షుగర్ అదుపు: పుండు మానేదాకా కొంతకాలం ఇన్సులిన్ పెట్టవచ్చు. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అన్నది అపోహ. పుండు తగ్గాక చాలామంది తిరిగి బిళ్ళల మీదికి వస్తారు.

తిండి: పుండు నిండాలంటే మాంసకృత్తులు కావాలి. షుగర్ అని చెప్పి కడుపు మాడ్చుకుంటే పుండు మానదు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, కోడి మాంసం తినాలి. కిడ్నీ సమస్య ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి. మనవైపు రాగి సంగటి మంచిదే, కానీ రాగి అని రెండు ముద్దలు ఎక్కువ తింటే అన్నం తిన్నట్టే షుగర్ పెరుగుతుంది.

ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒక సులువైన కొలత ఉంది. మంచి వైద్యం మొదలైన నాలుగు వారాలకు పుండు సైజు సగానికి తగ్గాలి. వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగు వారాలైనా సగం కాలేదంటే ఏదో లోపం ఉంది. రక్తం అందడం లేదేమో, ఎముకకు పట్టిందేమో, కాలి మీద బరువు పడుతోందేమో. అప్పుడు అదే డ్రెస్సింగ్ ఇంకో రెండు నెలలు సాగదీయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. చీమును, రసిని లాగేసే వ్యాక్యూమ్ డ్రెస్సింగ్, చర్మం అతికించే ఆపరేషన్ వంటివి అక్కడ ఉంటాయి.

ఒక్కోసారి వేలు తీసేయక తప్పదు. కుళ్ళిన వేలిని సమయానికి తీస్తే పాదం మిగులుతుంది. వేలు పోతుందని బాధపడి ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోవచ్చు.

పని మానుకుంటే ఇల్లు ఎలా గడవాలి?

ఇదే అసలు చిక్కు. "ఆరు వారాలు నడవొద్దు" అని డాక్టరు చెప్పడం తేలిక. చేను కోతకు వచ్చినప్పుడు, మగ్గం మీద చీర సగంలో ఉన్నప్పుడు, షిఫ్టుకు వెళ్ళకపోతే జీతం కోత పడేటప్పుడు ఇంట్లో కూర్చోవడం ఎవరికీ తేలిక కాదు. అందుకే చాలామంది కట్టు కట్టుకుని పనికి వెళ్తారు. కానీ లెక్క వేసి చూడండి. ఇప్పుడు ఆరు వారాల కూలి పోతుంది. కాలు పోతే జీవితాంతం కూలి పోతుంది.

కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే కొన్నాళ్ళు దానికి మారండి. ఫ్యాక్టరీలో పనిచేసేవారు డాక్టరు కాగితం చూపించి సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. మగ్గం గుంతలో కాళ్ళతో తొక్కే పనిని ఇంట్లో ఇంకొకరు చేసి, మీరు కండెలు చుట్టడం వంటి పనులు చూసుకోండి. ఆసుపత్రి ఖర్చు గురించి ముందే భయపడకండి. ఒకప్పుడు ఆరోగ్యశ్రీగా పిలిచిన ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద మీ చికిత్స వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. ఆధార్, రేషన్ కార్డు వెంట పెట్టుకోండి. పరిస్థితి విషమిస్తే 108కి ఫోన్ చేయండి.

వజూ, రోజా, గుడి, దర్గా

ఐదు పూటలా నమాజ్ చేసేవారికి ఒక మేలు ఉంది. వజూలో పాదాలు కడుగుతూ వేళ్ళ సందుల్లో చేతి వేలు తిప్పుతారు. రోజుకు ఇన్నిసార్లు పాదం చేతికి తగులుతుంది కాబట్టి పగులు, బొబ్బ, ముల్లు ఏదున్నా దొరికిపోవాలి. కాస్త కళ్ళతో కూడా చూస్తే సరిపోతుంది. అయితే కడిగాక వేళ్ళ సందుల్లో తడి ఉండిపోతే అక్కడ చర్మం నాని ఫంగస్ పడుతుంది. చిన్న తువాలు దగ్గర పెట్టుకుని ప్రతిసారీ సందులు తుడుచుకోండి. పుండుకు కట్టు ఉన్నవారు దాన్ని విప్పి తడపనక్కరలేదు. కట్టు మీద తడి చేత్తో మసహ్ చేసుకునే వెసులుబాటు ఉంది. వివరం మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

రంజాన్ ఉపవాసాల విషయానికొస్తే, మానని పుండు ఉన్నవారు, ఇన్సులిన్ మీద ఉండి షుగర్ బాగా ఎక్కువ తక్కువ అయ్యేవారు, కిడ్నీ జబ్బు ముదిరినవారు రోజా ఉండటం ప్రమాదమని డాక్టర్లు చెబుతారు. రోగులకు మినహాయింపు ధర్మంలోనే ఉంది. రోజా ఉండాలనుకునేవారు నెల రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల మోతాదు మార్పించుకోవాలి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఎక్కువమంది ఉలమాలు చెబుతున్నారు. 70 కన్నా తగ్గితే వెంటనే ఇఫ్తార్ చేసి తీరాలి.

పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్ళినా, లేపాక్షి గుడికి వెళ్ళినా చెప్పులు బయట విడవాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండలు ఎలా కాలతాయో అందరికీ తెలుసు. స్పర్శ తగ్గినవారు పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్ళండి. మందపాటి కాటన్ సాక్సులు వేసుకోండి. తిరిగి వచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

మానిన తర్వాత అసలు జాగ్రత్త

పుండు మానగానే పని అయిపోయినట్టు కాదు. మానినవారిలో నూటికి 40 మందికి ఏడాదిలోపే మళ్ళీ పుండు పడుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. కారణం తేలికే. పుండు మానింది గానీ నరాలు తిరిగి రాలేదు, వంకర వేళ్ళు తిన్నగా కాలేదు, పాత చెప్పులు మారలేదు.

అందుకే ఈ అలవాట్లు జీవితాంతం ఉండాలి. రోజూ రాత్రి పడుకునే ముందు మంచి వెలుతురులో రెండు పాదాలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేనివారు కింద అద్దం పెట్టి చూడండి. కన్ను సరిగా కనపడనివారికి ఇంట్లోవాళ్ళు చూడాలి. మడమలకు కొబ్బరినూనె, వాజలిన్ రాయండి, వేళ్ళ సందుల్లో రాయవద్దు. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించండి, మూలలు లోతుగా తీయవద్దు. ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో తిరగవద్దు.

మెట్లు కొనేటప్పుడు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. లోపల మెత్తగా, కింద గట్టిగా, వెనక పట్టీతో ఉన్నవి మేలు. బొటనవేలి దగ్గర గుబ్బ ఉండే హవాయి చెప్పులు వద్దు. ఫ్యాక్టరీలో సేఫ్టీ షూ తప్పనిసరిగా వేసుకునేవారు ప్రతి షిఫ్టుకు ముందు లోపల చేయి పెట్టి రాయి, మేకు, ముడత ఏమైనా ఉందా చూడండి. కొత్త బూట్లు మొదటి రోజే ఎనిమిది గంటలు వేసుకోకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయండి. సాక్సులు రోజూ మార్చండి. షిఫ్టు మారినప్పుడు మందులు, భోజనం వేళలు ఎలా మార్చాలో డాక్టరును అడిగి రాయించుకోండి. నైట్ షిఫ్టులో ఉన్నామని పూట మందు ఎగ్గొట్టడం మన దగ్గర మామూలైపోయింది.

ఏడాదికోసారి కొన్ని పరీక్షలు తప్పనిసరి. పాదాల స్పర్శను సన్నని నైలాన్ దారంతో తాకి చూసే పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. దాంతో పాటు రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ ఏడాదికి రెండుసార్లయినా, అదుపులో లేకపోతే మూడు నెలలకోసారి చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ బిళ్ళలు ఏళ్ళుగా వాడేవారికి తిమ్మిర్లు ఉంటే బీ12 విటమిన్ కూడా చూడాలి. అది తగ్గినా తిమ్మిర్లు వస్తాయి, దానికి మందు ఉంది. కళ్ళు, గుండె సమస్యలకు మన జిల్లాలోనే పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, అక్కడ చికిత్సకు డబ్బు తీసుకోరు. మామూలు షుగర్, బీపీ పరీక్షలకు ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏఎన్ఎం చాలు.

"ఈ పొడి వాడితే షుగర్ బిళ్ళలు మానేయొచ్చు", "మా తైలంతో పదిరోజుల్లో పుండు మాయం" అని వాట్సాప్‌లో వచ్చేవాటిని నమ్మి మందులు ఆపకండి. ఆ పది రోజులే కాలికి ఖరీదైన రోజులు.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వార్త చదివి ఊరుకోకుండా ఈ రాత్రే వాళ్ళ పాదాలు చేతిలోకి తీసుకుని ఒకసారి చూడండి. "నాకేం నొప్పి లేదురా" అని వాళ్ళు అంటారు. అయినా సరే, అరికాలు తిప్పి చూడండి.